ప్రభుత్వ వ్యయసంకోచము - స్థానిక సంస్థలపై దాని ప్రభావము

ఆదాయమును మించి పెరిగిన వ్యయమును ప్రభుత్వము బుద్ధిపూర్వకముగా తగ్గించుకొనుటకు వ్యయసంకోచమని పేరు. యుద్ధములు ముగిసిన పిమ్మట, బ్యాంకులు కూలిన పిమ్మట, ఋణదాతలు అప్పు నిరాకరించిన సమయమున ప్రభుత్వములు ఈ మార్గమును త్రొక్కుట ఆర్థికచరిత్రలో పలుమార్లు కనబడును. ఉద్యోగుల సంఖ్యను, జీతములను కుదించుట, సంక్షేమ భత్యములను తగ్గించుట, నిర్మాణ కార్యక్రమములను నిలిపివేయుట, క్రిందిస్థాయి పాలకసంస్థలకు ఇచ్చు గ్రాంట్లను కత్తిరించుట ఇందలి ముఖ్య సాధనములు. ఈ నాల్గింటిలో కడపటిది బడ్జెటు ప్రసంగములలో ఒకటి రెండు వాక్యములతో ముగిసిపోవును. దాని ఫలితము మాత్రము ప్రజల నిత్యజీవితమున ఏండ్ల తరబడి నిలిచియుండును.

వ్యయమును తగ్గింపవలసిన అవసరము దేశమంతకును కలిపి లెక్కింపబడును. తగ్గింపు వలని నష్టము ఊరూరను వేరువేరుగా అనుభవింపబడును. లెక్కకును అనుభవమునకును నడుమ గల ఈ యెడమును గుర్తింపని ఆర్థికవిధానము, ఎంత సదుద్దేశముతో ఆరంభింపబడినను, తుదకు బలహీనుల నెత్తిననే భారమును దింపును. ఈ సత్యమును బ్రిటను అనుభవము, అందులోను 2010 తరువాతి దశాబ్దపు అనుభవము విస్పష్టముగా నిరూపించుచున్నది గనుక ఈ వ్యాసమున ఆ దేశమే ప్రధానోదాహరణముగా గ్రహింపబడినది.

పూర్వచరిత్ర

మొదటి ప్రపంచయుద్ధానంతరము బ్రిటిషు ప్రభుత్వము అపారమైన ఋణభారముతోను, యుద్ధకాలమున పెరిగిన పాలనాయంత్రముతోను సతమతమగుచుండగా, ప్రధానియైన లాయిడ్ జార్జి 1921 ఆగస్టులో సర్ ఎరిక్ గెడ్డిస్ అధ్యక్షతన ఒక సంఘమును నియమించెను. ఆ సంఘము 8.7 కోట్ల పౌండ్ల తగ్గింపును సూచింపగా ప్రభుత్వము సుమారు 5.2 కోట్లకు అంగీకరించెను. సైన్య నౌకాదళములతోపాటు విద్య, ప్రజారోగ్యములు కూడ ఈ వేటుకు గురియగుటచే అది 'గెడ్డిస్ గొడ్డలి' అను పేర జనుల నోళ్ల నానెను.

ఆ సంఘసభ్యులలో ఒకడైన లార్డ్ ఇంచ్‌కేప్ అనంతరము భారతదేశపు కేంద్రప్రభుత్వ వ్యయమును పరిశీలించిన సంఘమునకు అధ్యక్షుడయ్యెను. 1923లో వెలువడిన ఆ సంఘ నివేదిక 19 కోట్ల రూపాయలకు పైబడిన తగ్గింపును సూచించెను. అందులో పెద్దభాగము సైనికవ్యయమునకు సంబంధించినది. అయినను లోటు పూడలేదు. ఆ సంవత్సరమే ఉప్పుపన్నును మణుగుకు రూపాయి పావలా నుండి రెండున్నర రూపాయలకు పెంచు ప్రతిపాదనను కేంద్ర శాసనసభ నిరాకరింపగా, రాజప్రతినిధి లార్డ్ రీడింగ్ తన విశేషాధికారముచే దానిని అమలుపరచెను. ఢిల్లీలో లెక్కలు సరిపుచ్చుటకై విధింపబడిన ఆ పన్ను ధనికులకు లెక్కలోనిది కాకపోయినను, తెలుగు జిల్లాలతోసహా దేశమందలి ప్రతి కూలివాని గంజిముంతలోని ఉప్పుమీద పడెను. మరుసటి యేట దానిని పూర్వపు స్థాయికి తగ్గింపవలసివచ్చెను.

1931లో సర్ జార్జి మే అధ్యక్షతన ఏర్పడిన మరియొక సంఘము సుమారు 9.6 కోట్ల పౌండ్ల కోతను సూచించెను. అందులో అత్యధికభాగము నిరుద్యోగభృతి నుండి రావలసినది. ఈ విషయముననే రామ్సే మెక్డొనాల్డు లేబరు మంత్రివర్గము చీలి, ఆగస్టులో రాజీనామా చేసెను. తరువాత వచ్చిన జాతీయ ప్రభుత్వము భృతిని 10 శాతము తగ్గించుటయే గాక, కొంతకాలమునకు మించి భృతి పొందిన నిరుద్యోగి కుటుంబమున ఎవరెవరికి ఎంత ఆదాయము కలదో విచారించిన పిమ్మటనే సహాయమిచ్చు పద్ధతిని ప్రవేశపెట్టెను. ఆ విచారణభారము స్థానిక సహాయ సంఘములపై మోపబడెను. తమ ఊరివారి దుస్థితిని కన్నులార చూచుచున్న రోథర్‌హామ్, డరహమ్ ప్రాంతముల సంఘములు ఉదారముగా వ్యవహరించినవను కారణమున 1932లో వానిని తొలగించి, కేంద్రప్రభుత్వము తన కమిషనర్లను నియమించెను. నిర్ణయము రాజధానిది, నిందమోయు బాధ్యత స్థానికులది అను పద్ధతి ఆనాడే స్థిరపడినది.

1975లో స్థానిక సంస్థల వ్యయవిస్తరణకాలము ముగిసినదని మంత్రి ఆంథొనీ క్రోస్లండ్ మాంచెస్టరులో హెచ్చరించెను. మరుసటి సంవత్సరము పౌండు విలువ పడిపోగా, ఆర్థికమంత్రి డెనిస్ హీలీ అంతర్జాతీయ ద్రవ్యనిధి నుండి 390 కోట్ల డాలర్ల ఋణమును కోరి, దానితోపాటు వ్యయనియంత్రణ షరతులను స్వీకరింపవలసివచ్చెను. 1984లో ప్రధాని థాచర్ ప్రభుత్వము స్థానిక పన్నులపై పరిమితి విధించు చట్టమును తెచ్చెను. కేంద్రమును ధిక్కరించి సకాలమున పన్ను నిర్ణయింపని లివర్‌పూల్, లాంబెత్ కౌన్సిలర్లు నష్టపరిహారము చెల్లింపవలసిన వారై, పదవులకు అనర్హులైరి.

వ్యయసంకోచము ఫలించిన దృష్టాంతములు లేకపోలేదు. కెనడాలో ఆర్థికమంత్రి పాల్ మార్టిన్ 1995 బడ్జెటుతో ప్రారంభించిన తగ్గింపుల వలన 1997-98 నాటికి ఆ దేశపు లోటు మిగులుగా మారెను. అయితే ఆ విజయము వెనుక రాష్ట్రములకిచ్చు నిధుల కోత ఉండెను. రాష్ట్రములు తమ భారములో కొంత నగరములకు బదలాయించెను. జాతీయస్థాయిలో విజయమనిపించుకొన్న కోతయు స్థానికసంస్థల చెంతకు వచ్చియే ఆగినదని కెనడా అనుభవమును తెలుపుచున్నది.

ఆవశ్యకతను గూర్చిన వాదములు

వ్యయసంకోచమును సమర్థించు వాదములు నాలుగు విధములు. ఋణముతోపాటు వడ్డీయు పెరిగి, పాఠశాలలకు, వైద్యశాలలకు పోవలసిన ధనము ఋణదాతల పాలగునని మొదటి వాదము. ఋణదాతలు విశ్వాసము కోల్పోయినచో వడ్డీరేటు ఒక్కపెట్టున పెరిగి, అప్పుడు చేయవలసివచ్చు కోత ఇప్పటి కోతకంటె క్రూరముగా నుండునని రెండవది. నేటి తరము చేసిన అప్పు రేపటి తరమునకు బరువగునని మూడవది. ధనము సులభముగా లభించినంతకాలము పాలనాయంత్రమున దుబారా పేరుకొనుననియు, కొరతయే దానిని కడుగుననియు నాలుగవది.

ఈ వాదములలో సత్యము లేదనుట సాహసము. 2010 మే నెలలో గ్రీసు దేశము 11,000 కోట్ల యూరోల సహాయమునకై ఐరోపా దేశములను, అంతర్జాతీయ ద్రవ్యనిధిని ఆశ్రయించి, తన బడ్జెటుపై తనకే అధికారము లేని స్థితికి దిగెను. 2022 సెప్టెంబరు 23న బ్రిటిషు ఆర్థికమంత్రి క్వాసీ క్వార్టెంగ్ ఆదాయమార్గము చూపకయే భారీగా పన్నులు తగ్గించుచున్నట్లు ప్రకటింపగా, ప్రభుత్వ ఋణపత్రముల విలువ పడిపోయి, అయిదు దినములలో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండు జోక్యము చేసికొనవలసివచ్చెను. ఋణదాతల విశ్వాసము అనునది పాలకులు భయపెట్టుటకై కల్పించిన మాట కాదని ఈ ఘటనలు తెలుపుచున్నవి.

అయితే అవసరము కలదని ఒప్పుకొనుట వేరు. ఎప్పుడు, ఎంత, ఎవరి నుండి అను ప్రశ్నలకు సమాధానము చెప్పుట వేరు. గృహస్థు అప్పుపడినప్పుడు ఖర్చు తగ్గించుకొనునట్లే ప్రభుత్వమును తగ్గించుకొనవలెనను పోలిక ప్రజలకు సులభముగా తలకెక్కును. కాని ఒక గృహస్థు ఖర్చు తగ్గించినందున అతని ఆదాయము తగ్గదు. ప్రభుత్వము ఖర్చు తగ్గించినప్పుడు ఉద్యోగుల, వర్తకుల ఆదాయము తగ్గి, ఆ మేరకు పన్నుల రాబడియు తగ్గును. ఆర్థికమాంద్యము నడుచుచుండగా కాక, వ్యాపారము పుంజుకొన్న కాలముననే ప్రభుత్వము పొదుపు చేయవలెనని జాన్ మేనార్డ్ కీన్స్ 1937లోనే వాదించియుండెను. ఋణము స్థూల దేశీయోత్పత్తిలో 90 శాతము దాటినచో అభివృద్ధి కుంటుపడునని 2010లో రైన్‌హార్ట్, రోగోఫ్ అను ఆర్థికవేత్తలు వెలువరించిన వ్యాసము వ్యయసంకోచవాదులకు ఆధారమయ్యెను. అయితే 2013లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దాని గణనపట్టికలో దోషములను బయటపెట్టిరి. ఐరోపాలో కోతల వలన ఉత్పత్తికి కలుగు నష్టమును అంచనాలు తక్కువగా చూపినవని అంతర్జాతీయ ద్రవ్యనిధి ప్రధాన ఆర్థికవేత్త ఒలివియే బ్లాంషార్ సహా పరిశోధకులే ఆ సంవత్సరము అంగీకరించిరి.

2010 నాటి నిర్ణయములు

2007 సెప్టెంబరులో నార్తర్న్ రాక్ బ్యాంకు ముందు ఖాతాదారులు బారులు తీరుటతో బ్రిటనులో ఆర్థికసంక్షోభము బయటపడెను. మరుసటి సంవత్సరము పెద్ద బ్యాంకులను నిలబెట్టుటకు ప్రభుత్వము భారీగా ధనము వెచ్చించెను. మాంద్యము వలన పన్నుల రాబడి తగ్గి, భృతుల ఖర్చు పెరిగెను. 2009-10లో లోటు స్థూల దేశీయోత్పత్తిలో సుమారు 10 శాతమునకు చేరెను. లోటునకు మూలము స్థానికసంస్థల దుబారా కాదు, బ్యాంకుల పతనమను విషయము తరువాతి కథను అర్థము చేసికొనుటకు ముఖ్యము.

2010 మే ఎన్నికల పిమ్మట కన్సర్వేటివు, లిబరల్ డెమొక్రాటు పక్షములు డేవిడ్ కామెరాన్ నాయకత్వమున కూటమి ప్రభుత్వమును స్థాపించెను. ఆర్థికమంత్రి జార్జి ఆస్బోర్న్ జూన్ 22న అత్యవసర బడ్జెటును, అక్టోబరు 20న నాలుగేండ్ల వ్యయప్రణాళికను ప్రవేశపెట్టెను. 2014-15 నాటికి 8,100 కోట్ల పౌండ్ల తగ్గింపు, శాఖలపై సగటున 19 శాతము కోత, నాలుగు లక్షల తొంబదివేల ప్రభుత్వోద్యోగముల తగ్గుదల అంచనా ఆ ప్రణాళికలోని ప్రధానాంశములు. అమ్మకపు పన్ను వంటి విలువాధారిత పన్ను 2011 జనవరి నుండి 17.5 శాతము నుండి 20 శాతమునకు పెరిగెను.

జాతీయ ఆరోగ్యసేవకును, పాఠశాలలకును, విదేశసహాయమునకును ఈ కోతల నుండి రక్షణ కల్పింపబడెను. ఆ రక్షణకు రాజకీయకారణము స్పష్టము: వైద్యశాల మూతపడినచో ఓటరు మంత్రిని నిందించును; వీధిదీపము ఆరినచో కౌన్సిలును నిందించును. రక్షింపబడిన శాఖలు ఎంత పెద్దవో, మిగిలినవానిపై వేటు అంత లోతుగా పడును. ఆ మిగిలినవానిలో అన్నిటికంటె పెద్దది స్థానికపాలన.

స్థానికసంస్థల ఆదాయము, విధులు

ఇంగ్లండులో స్థానిక కౌన్సిళ్లకు మూడు ప్రధాన ఆదాయమార్గములు కలవు: కేంద్రము ఇచ్చు గ్రాంట్లు, నివాసగృహములపై విధించు కౌన్సిల్ పన్ను, వ్యాపారభవనములపై పన్నులో వాటా. కౌన్సిల్ పన్ను నేటికిని 1991 ఏప్రిల్ నాటి ఇండ్ల విలువపై ఆధారపడియున్నది. 2011-12 నుండి ఈ పన్నును పెంచని కౌన్సిళ్లకు కేంద్రము కొంత గ్రాంటు ఇచ్చి ప్రోత్సహించెను. 2011 నాటి స్థానికతా చట్టము ప్రకారము నిర్ణీతపరిమితికి మించి పెంచదలచినచో ప్రజాభిప్రాయ సేకరణ జరుపవలెను. అనగా గ్రాంటును కేంద్రము తగ్గించెను, స్వయముగా పన్ను పెంచుకొను త్రోవను కేంద్రమే ఇరుకు చేసెను. రోజువారీ ఖర్చులకు అప్పు చేయుటకు కౌన్సిళ్లకు అధికారము లేదు. ఏటేట బడ్జెటు సరితూగవలెనని చట్టము.

విధులలో కొన్ని చట్టనిర్బంధములు, కొన్ని ఐచ్ఛికములు. నిరాశ్రయ శిశువుల సంరక్షణ, వృద్ధుల, వికలాంగుల పరిచర్య మొదలగునవి నిర్బంధములు. యువజనకేంద్రములు, ఉద్యానములు, బస్సులకు సహాయధనము, సాంస్కృతిక కార్యక్రమములు ఐచ్ఛికములు. జనాభాలో వృద్ధుల సంఖ్య పెరుగుచుండుటచే నిర్బంధవిధుల ఖర్చు తనంతట తానే పెరుగును. ఆదాయము తగ్గుచు, నిర్బంధవ్యయము పెరుగుచుండగా నడుమ నలిగినవి ఐచ్ఛికసేవలు. ఆ దేశపు జాతీయ ఆడిట్ కార్యాలయము 2018లో ప్రకటించిన లెక్కల ప్రకారము 2010-11 నుండి 2017-18 వరకు కేంద్రము ఇచ్చు నిధులు ధరల పెరుగుదలను తీసివేయగా 49.1 శాతము తగ్గెను. పన్నులరాబడిని కలుపుకొనినను కౌన్సిళ్ల వ్యయశక్తి 28.6 శాతము పడిపోయెను. సేవలపై చేయు మొత్తము వ్యయములో వృద్ధుల, శిశువుల సంరక్షణ వాటా సుమారు 45 శాతము నుండి 54 శాతమునకు పెరిగెను.

సేవలపై ప్రభావము

అదే నివేదిక ప్రకారము 2010-11 నుండి 2016-17 వరకు లండను వెలుపల కౌన్సిళ్ల సహాయముతో నడచు బస్సుల ప్రయాణదూరము 48.4 శాతము, వారమునకొకమారు చెత్త తీసికొనిపోవు ఇండ్ల సంఖ్య 33.7 శాతము తగ్గెను. పల్లెటూరిలో ఒంటరిగా నివసించు వృద్ధురాలికి బస్సు ఆగిపోయినదనగా వైద్యుని యొద్దకు, అంగడికి, తోటివారి చెంతకు పోవు దారులన్నియు ఒక్కసారిగా మూతపడినవని అర్థము.

గ్రంథాలయముల చరిత్ర ఇందులో మిక్కిలి విషాదకరమైనది. ఒక దశాబ్దమున బ్రిటనులో దాదాపు 800 ప్రజాగ్రంథాలయములు మూతపడెను. లండనులోని బ్రెంట్ కౌన్సిలు 2011లో ఆరు శాఖలను మూసివేసినది. అందులో కెన్సల్ రైజ్ గ్రంథాలయము 1900లో అమెరికను రచయిత మార్క్ ట్వేన్ చేతులమీదుగా ప్రారంభమైనది. ఆ పేటవారు న్యాయస్థానమునకెక్కి ఓడిపోయిరి. ద్వారము వద్ద వంతులవారీగా కావలి కాసిరి. 2012 మే నెలలో ఒకనాటి రాత్రి, ఊరు నిద్రించు సమయమున, కౌన్సిలు సిబ్బంది పోలీసుల అండతో వచ్చి పుస్తకములను, అలమరలను, ప్రారంభోత్సవమును స్మరింపజేయు ఫలకమును సైతము తరలించుకొనిపోయిరి. ప్రజలు ఎన్నుకొన్న సంస్థ ప్రజల పుస్తకములను చీకటిచాటున మోసికొనిపోవలసిన దుర్గతి ఎట్లు కలిగెనో ఆలోచించినచో, కోతల నిజమైన మూల్యము పౌండ్లలో లెక్కింపదగినది కాదని తెలియును. అనంతరము ఏండ్ల తరబడి శ్రమించి స్థానికులు ఆ భవనములో ఒక భాగమున స్వచ్ఛందసేవకుల నిర్వహణలో గ్రంథాలయమును పునరుద్ధరించిరి.

పసిపిల్లలకు, తల్లులకు ఒకేచోట ఆరోగ్యసలహా, శిశుపోషణ, ఉద్యోగసహాయము అందించుటకై 1998లో సంకల్పింపబడిన 'ష్యూర్ స్టార్ట్' కేంద్రములు 2010 నాటికి సుమారు 3,600 వరకు పెరిగినవి. ఆర్థిక అధ్యయన సంస్థ లెక్కల ప్రకారము 2009-10లో 180 కోట్ల పౌండ్లున్న వీని వ్యయము 2017-18 నాటికి 60 కోట్లకు, అనగా మూడవవంతుకు తగ్గెను. ఈ కేంద్రములకు చేరువలో పెరిగిన పేద కుటుంబముల పిల్లలు ఆసుపత్రి పాలగుట తగ్గినదని అదే సంస్థ 2019లో నిరూపించెను. ఇది సంకోచవిధానమందలి ప్రధానవైరుధ్యమును పట్టిచూపుచున్నది: ముందుజాగ్రత్త సేవలు ఐచ్ఛికములు, విపత్తు సంభవించిన తరువాతి సేవలు నిర్బంధములు. కావున చట్టమును పాటించు కౌన్సిలు మొదట ముందుజాగ్రత్తనే త్యజింపవలసివచ్చును; ఆ త్యాగఫలము కొన్నియేండ్లకు నిర్బంధవ్యయముగా తిరిగివచ్చి అదే కౌన్సిలు తలుపు తట్టును. ఇంగ్లండులో కౌన్సిళ్ల సంరక్షణలోనున్న పిల్లల సంఖ్య 2010లో 64,400, 2019లో 78,150. వీధులలో నిద్రించువారి సంఖ్య 2010 నాటి గణనలో 1,768. 2017 నాటికి 4,751. ఈ పెరుగుదలకు కోతలే ఏకైక కారణమని చెప్పరాదు. ఇంటి అద్దెలు, భృతుల నిబంధనలు మొదలగునవియు తోడైనవి. కాని బాధితులు తలుపు తట్టిన వేళకు ఆ తలుపు వెనుక సిబ్బంది తగ్గియుండిరనుట నిర్వివాదము.

ప్రాంతీయ అసమానత

కోత శాతములో సమానముగా ఉన్నను ఫలితమున సమానము కాదు. సంపన్నప్రాంతమునందలి కౌన్సిలుకు ఆదాయములో అధికభాగము స్థానికపన్నుల నుండియే లభించును. పేదప్రాంతపు కౌన్సిలు గ్రాంటుపై ఆధారపడును. కావున గ్రాంటు సగమైనప్పుడు మొదటిది కొంత సర్దుకొనును, రెండవది విలవిలలాడును. పన్ను ఒక శాతము పెంచుకొను వీలు కల్పించినను ఖరీదైన ఇండ్లు గల ఊరికి దానివలన వచ్చు రాబడియు, చవుక ఇండ్లు గల ఊరికి వచ్చు రాబడియు పోల్చదగినవి కావు. నగరముల అధ్యయనకేంద్రము 2019లో ప్రకటించిన పరిశీలనలో నిత్యవ్యయము అత్యధికశాతము తగ్గిన నగరము బార్న్స్‌లీ అని తేలెను. అక్కడి తగ్గుదల 40 శాతము. తలసరి లెక్కన అత్యధికముగా నష్టపోయిన నగరము లివర్‌పూల్. అచట మనిషి ఒక్కింటికి 816 పౌండ్లు తగ్గెను. బార్న్స్‌లీ బొగ్గుగనులు మూతపడి ఉపాధి కోల్పోయిన ఊరు, లివర్‌పూల్ ఓడరేవు వైభవము క్షీణించిన నగరము. బ్యాంకుల జూదముతో ఏ సంబంధమును లేని ఈ ఊళ్లు ఆ జూదపు నష్టమును అందరికంటె ఎక్కువగా చెల్లించుట న్యాయమనిపించుకొనదు.

ఆర్థికపతనములు

1988 నాటి స్థానికసంస్థల ఆర్థికచట్టపు 114వ సెక్షను ప్రకారము ఆదాయవ్యయములు సరితూగు ఆశ లేనప్పుడు కౌన్సిలు ప్రధాన ఆర్థికాధికారి ఒక నోటీసు జారీచేయవలెను. అంతట చట్టనిర్బంధములు దక్క తక్కిన క్రొత్త వ్యయమంతయు నిలిచిపోవును. ఇరువదియేండ్లుగా మరుగునపడియుండిన ఈ సెక్షను 2018 ఫిబ్రవరిలో నార్తాంప్టన్‌షైర్ కౌంటీ కౌన్సిలు వలన మరల వెలుగులోనికి వచ్చెను. ఆ కౌన్సిలు ఏండ్ల తరబడి పన్ను పెంచక, మరియొకవంక 5.3 కోట్ల పౌండ్లతో క్రొత్త కార్యాలయభవనమును నిర్మించి, అది ప్రారంభమైన కొలది నెలలకే దానిని అమ్మి అందులోనే అద్దెకుండవలసిన స్థితికి దిగెను. తన 36 గ్రంథాలయములలో 21 మూసివేయుటకు తలపెట్టగా, ఆ నిర్ణయము అక్రమమని ఉన్నత న్యాయస్థానము కొట్టివేసెను. నిధులకొరత కంటె నిర్వహణలోపమే పతనకారణమని కేంద్రము పంపిన విచారణాధికారి మాక్స్ కాలర్ నిర్ధారించెను. 2021 ఏప్రిల్ 1న ఆ కౌంటీ కౌన్సిలు రద్దయి, దాని స్థానమున రెండు క్రొత్త సంస్థలు వెలసెను.

తరువాత క్రోయ్‌డన్ 2020లో, స్లౌ 2021లో, థరక్ 2022లో ఇట్టి నోటీసులు జారీచేసెను. గ్రాంటు తగ్గిన లోటును వ్యాపారలాభముతో పూడ్చుకొనవలెనను ఆశతో కొన్ని కౌన్సిళ్లు అప్పుచేసి భవనములను, వాటాలను కొనెను. చిన్నపట్టణమైన వోకింగ్ ఈ విధముగా సుమారు 180 కోట్ల పౌండ్ల ఋణమున మునిగి 2023 జూన్‌లో చేతులెత్తెను. ఆ సెప్టెంబరులో పదకొండు లక్షల జనాభా గల బర్మింగ్‌హామ్ నగరమును అదే దారి పట్టెను. స్త్రీపురుష ఉద్యోగులకు సమానవేతనము చెల్లింపని పాత బాకీలు, విఫలమైన కంప్యూటరు వ్యవస్థ దీనికి తక్షణకారణములు. మరుసటి యేట ఆ నగరవాసుల పన్ను దాదాపు 10 శాతము పెరిగి, రెండేండ్లలో 30 కోట్ల పౌండ్ల కోత నిర్ణయింపబడెను. 2025 మార్చి నుండి పారిశుధ్యసిబ్బంది నిరవధికసమ్మెకు దిగగా నగరవీధులలో చెత్తసంచులు గుట్టలుగా పేరుకొనెను.

ఈ పతనములలో స్థానికనాయకుల తప్పిదములు ఉన్నమాట వాస్తవము. అయితే కౌన్సిళ్ల లెక్కలను పరిశీలించుటకై స్థాపింపబడిన ఆడిట్ కమిషనును వృథావ్యయమని పేర్కొని 2015లో కేంద్రమే మూసివేసినదను విషయమును ఇచట స్మరింపవలెను. దుబారాను పట్టుకొను కావలివానినే పొదుపు పేర తొలగించుట ఆ దశాబ్దపు విధానములలో మిక్కిలి అవివేకమైనది.

స్థానిక ప్రతిక్రియలు

కోతలకు లోబడిన సంస్థలన్నియు నిస్పృహ చెందలేదు. లాంకషైరులోని ప్రెస్టన్ నగరము తలపెట్టిన పెద్ద అంగళ్లసముదాయ నిర్మాణము 2011లో రద్దుకాగా, బయటి పెట్టుబడికై ఎదురుచూచుట మాని, తన పరిధిలోని విశ్వవిద్యాలయము, కళాశాలలు, గృహనిర్మాణసంస్థలు మొదలగువానిని సమావేశపరచి, వారు కొను సరకులను, సేవలను సాధ్యమైనంతవరకు ఆ ప్రాంతమునందే కొనుటకు ఒప్పించెను. 2012-13లో ఆ సంస్థలు నగరములో చేసిన కొనుగోళ్లు 3.8 కోట్ల పౌండ్లు. 2016-17 నాటికి అవి 11 కోట్లకు పైగా పెరిగెను. ఇందువలన గ్రాంటు తిరిగిరాకపోయినను, ఉన్న ధనము ఊరు దాటిపోకుండ నిలిచెను. అనేకచోట్ల గ్రంథాలయములను, ఈతకొలనులను స్థానికసంఘములు స్వీకరించి నడపుచున్నవి. ఇట్టి సేవాభావము శ్లాఘనీయమే. కాని తీరికయు, చదువును గల పేటలలో స్వచ్ఛందసేవకులు సులభముగా లభింతురు, రెండుపూటల కూలికి పోవువారి పేటలలో లభింపరు. ప్రభుత్వము వదలిన బాధ్యతను దాతృత్వము పూర్తిగా పూరింపలేకపోవుటకు ఇదియే కారణము.

ఫలితముల పరిశీలన

లోటును తగ్గించుట అను ఉద్దేశము చాలవరకు నెరవేరెను. 2018-19 నాటికి అది స్థూల దేశీయోత్పత్తిలో సుమారు 2 శాతమునకు దిగెను. ఋణభారము మాత్రము తగ్గక, ఆ ఉత్పత్తిలో 80 శాతమునకు పైననే నిలిచెను. ఇంగ్లండు, వేల్సులలో పోలీసుల సంఖ్య 2010-2018 నడుమ సుమారు 21,000 తగ్గగా, వారిని మరల నియమించుకొనుటకు 2019లో ప్రత్యేక కార్యక్రమము ప్రారంభింపవలసివచ్చెను. ఒక శతాబ్దముగా పెరుగుచు వచ్చిన ఆయుఃప్రమాణము 2011 తరువాత మందగించెననియు, పేదప్రాంతముల స్త్రీలలో అది కొంత తగ్గెననియు సర్ మైకేల్ మార్మట్ 2020 నివేదిక తెలిపెను. 2018 నవంబరులో బ్రిటనును సందర్శించిన ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధి ఫిలిప్ ఆల్‌స్టన్ ఈ విధానమును తీవ్రముగా విమర్శించెను. ప్రభుత్వము ఆ విమర్శను అంగీకరింపలేదు. ఆ సంవత్సరమే అక్టోబరులో ప్రధాని థెరిసా మే సంకోచయుగము ముగిసినదని ప్రకటించినను, నార్తాంప్టన్‌షైర్ తరువాతి కౌన్సిళ్ల నోటీసులన్నియు ఆ ప్రకటన పిమ్మటనే వెలువడినవి. కోతవలన మిగిలిన ధనము ఆ సంవత్సరపు పద్దులోనే కనబడును. దానివలని నష్టము పదియేండ్ల పద్దులలో విస్తరించి కనబడును.

వ్యయసంకోచము ఎన్నడును తగదని ఈ అనుభవము చెప్పుటలేదు. అప్పు పరిమితి దాటినప్పుడు తగ్గింపు తప్పదు. తగ్గింపును విజ్ఞతతో చేయుట పాలకుల ధర్మము. అట్టి తగ్గింపునకు కొన్ని నియమములు ఆవశ్యకములు. భారము ఎక్కడ పుట్టినదో అచటి నుండియే ముందుగా రాబట్టుటకు యత్నింపవలెను. గ్రాంటు తగ్గించినచో ఆ మేరకు విధులను తగ్గించుటయో, పన్ను విధించు అధికారమును పెంచుటయో జరుగవలెను. రెండును నిరాకరించి గ్రాంటును మాత్రము కోయరాదు. స్వయముగా పన్ను రాబట్టుకొనలేని పేదప్రాంతములకు కోతలో మినహాయింపు ఉండవలెను. విపత్తును నివారించు సేవలను ఐచ్ఛికములని త్రోసివేయక, నిర్బంధసేవలతో సమానముగా చట్టమున చేర్చవలెను. లెక్కలు పరిశీలించు సంస్థలు చివరివరకు నిలువవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, ప్రతి కోతను నిర్ణయించుటకు పూర్వము దాని వలన ఏ ఊరిలో ఏ సేవ ఆగునో, దానిపై ఆధారపడినవారు ఎవరో విచారించి ప్రకటించు బాధ్యత కోత విధించు ప్రభుత్వమునకే ఉండవలెను. తాను చేసిన కోత ఫలితమును తానే చూచి, దానికి తానే సమాధానము చెప్పవలసిన ప్రభుత్వము అవసరమునకు మించి కోయదు, కోసినను బలహీనుని వెదకి కోయదు.